లంక మేడకి గవర్రాజు బిగించిన కటకటాలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు గట్టు మీద లేదు, గోదారి నడుమ ఉంది. ఇటు చూస్తే నీళ్ళు, అటు చూస్తే నీళ్ళు. మధ్యలో కాస్త ఇసక, కాసిని అరటితోటలు, గుప్పెడు ఇళ్ళు. అలాంటి ఊరిని లంక అంటారు.

ఆ లంకలో గవర్రాజని ఒక వడ్రంగి ఉండేవాడు. భూలోకంలోకెల్లా గొప్ప వడ్రంగి. అలాగని ఎవరన్నారంటావా? ఆయనే అన్నాడు.

"నేను నిలబెట్టిన గుంజ కదలాలంటే ముందు భూమి కదలాలి!" అని పదిమందిలో మీసం దువ్వి, తను చేసిన స్టూలు మీదే దర్జాగా కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది. గవర్రాజు గబుక్కున లేచిపోయాడు. "ఇది లెక్కలోకి రాదు. దీన్ని జొరంలో చేశాను," అన్నాడు.

నవ్వకు మరి. జొరంలో చేసినవి అతని ఇంట్లో చాలా ఉన్నాయి.

అసలు సంగతేంటంటే, గవర్రాజు పందిళ్ళ పనిలో దిట్ట. పెళ్ళి పందిరి, ఆనపపాదు పందిరి, గేదెల పాక, ఏదైనా సరే. ఇసకలో లోతుగా గొయ్యి తీస్తాడు, గుంజ దింపుతాడు, చుట్టూ మట్టేసి కుమ్ముతాడు. అంతే, గాలివాన వచ్చినా అది కదలదు. ఆ మాట మాత్రం నిజమే.

ఆ లంకలో ఒకే ఒక్క మేడ ఉండేది. అది వరాలమ్మగారిది. కింద లావుపాటి రాతి స్తంభాలు, పైన నున్నటి చెక్క నేల. గోదారి వైపు పొడవాటి వసారా. ఏటా వరదొచ్చినప్పుడు ఊరంతా ఆ మేడెక్కేది. వండుకోవడం అక్కడే, పడుకోవడం అక్కడే, కోళ్ళూ మేకలూ కూడా అక్కడే.

ఆ తర్వాత ఇంకో ముచ్చట కూడా ఉంది. ఎర్రటి కొత్తనీరు వచ్చిన మొదటి రోజు ఆడవాళ్ళందరూ వసారా అంచుకి వచ్చి, ముందుకి వంగి, గోదారమ్మకి పసుపూ కుంకుమా పూలూ వదిలేవారు. అందరూ ఒకేసారి వదలాలి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వదిలితే గోదారమ్మకి మనసు చిన్నబోతుందట.

వసారా అంచుకి అప్పట్లో వెదురు బొంగులు కట్టేవారు. పోయినేడు పూలు వదిలే వేళ ఆ బొంగు పెళ్ళున విరిగింది. గవర్రాజు కూతురు చిలకమ్మ అక్కడే నిలబడి ఉంది. పిల్ల కాలు జారింది. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ గౌను పట్టుకుంది కాబట్టి సరిపోయింది. కింద గోదారి సుడులు తిరుగుతూ పోతోంది. పిల్ల ఒక చెప్పు మాత్రం ఆ సుడిలోకి పోయింది.

ఆ రోజు నుంచీ చిలకమ్మ మేడెక్కలేదు. మెట్ల దగ్గరికి రాగానే కాళ్ళు బిగుసుకుపోయేవి. "నేనెక్కను, వరదొస్తే చెట్టెక్కుతాను," అనేది. చెట్లు మునిగే వరదలో పిల్ల ఏ చెట్టెక్కుతుంది చెప్పు?

అప్పుడు వరాలమ్మగారు గవర్రాజుని పిలిచింది.

"ఒరే గవర్రాజూ, వానలు మొదలయ్యాయి. కొత్తనీరు వచ్చేలోగా వసారా అంచున గట్టి కటకటాలు నిలబెట్టు. నేల మాత్రం పీకకు, అది మా మావగారు వేయించిన నేల. నీ పని నిలబడితే ఊరు మేడెక్కుతుంది. లేదంటే పిల్లాజెల్లని పడవలెక్కించి ముందే గట్టుకి పంపించేస్తాను. నీ కూతురి విషయంలో జరిగింది మళ్ళీ చూళ్ళేను రా."

"అత్తా, నువ్వు నిశ్చింతగా పడుకో. ఏనుగొచ్చి ఆనుకున్నా కదలదు," అన్నాడు గవర్రాజు.

ఆ తర్వాత పని మొదలైంది. గవర్రాజు మంచి మద్ది కర్ర తెచ్చాడు. నడుమెత్తు గుంజలు కోశాడు. చిత్రిక పట్టి అద్దంలా చేశాడు. వాటిని చెక్క నేల మీద వరసగా నిలబెట్టాడు. ఒక్కో గుంజ మొదట్లో నాలుగు వైపుల నుంచీ ఏటవాలుగా మేకులు దింపాడు. పైన పొడవాటి అడ్డకమ్మీ వేశాడు. దూరం నుంచి చూస్తే కోటలో కటకటాల్లా ఉన్నాయి. ఊరంతా నోరు తెరుచుకు చూసింది.

అప్పుడు వరాలమ్మగారు స్నానం చేసి, తడి చీర తెచ్చి, కమ్మీ మీద ఆరేసింది.

కిర్ర్ర్ర్.

కటకటాలన్నీ కలిసి గోదారికి దణ్ణం పెట్టినట్టు ముందుకి వంగాయి. మేకులు పాలపళ్ళలా ఊడి పైకొచ్చాయి.

"ఏరా, ఏనుగు ఆనుకుంటుందన్నావు, ఎనిమిది గజాల చీరకే పడిపోయిందేంట్రా!" అంది వరాలమ్మగారు.

"తడి చీర కదత్తా, బరువెక్కువ," అన్నాడు గవర్రాజు. అని చీర తనే పిండి ఇచ్చాడు.

మరి ఎందుకు వంగిందంటావు? చూడు, నీ వేలు నిలబెట్టు. నేను గోటి దగ్గర ఇలా నెడితే వేలు మొదట్లో ఎంత లాగుతోందో చూశావా? గుంజకీ అంతే. పైన ఎవరో కొంచెం ఆనుకుంటారు, ఆ కొంచెమే కిందకి దిగేసరికి బోలెడంత అయిపోతుంది. ఇసకలో అయితే గుంజ మొదలు లోతులో ఉంటుంది, ఆ జోరంతా మట్టి పట్టుకుంటుంది. ఈ చెక్క నేల మందమెంత? నీ అరచెయ్యి మందమంత. అందులో లోతు ఎక్కణ్ణుంచి వస్తుంది?

గవర్రాజుకీ అదే గుబులు. కానీ పైకి అనలేదు. గొప్ప వడ్రంగి కదా మరి!

ఆ తర్వాత రెండో ఉపాయం పన్నాడు. ఒక్కో గుంజ కింద వెడల్పాటి పీట బిగించాడు. నేలలో లోతు లేకపోతే పోయింది, వెడల్పు ఉంటుంది కదా అనుకున్నాడు. పీటలని మరమేకులతో నేల చెక్కలకి తిప్పి తిప్పి బిగించాడు. తను నెట్టి చూశాడు, కదల్లేదు. వరాలమ్మగారి తడి చీర వేశారు, కదల్లేదు. గవర్రాజు మీసం మళ్ళీ పైకి లేచింది.

అప్పుడు తవిటయ్య వచ్చాడు. తవిటయ్యంటే ఊరి పడవ నడిపేవాడు. అతను పడవెక్కితే మిగతావాళ్ళు రెండో వైపు సర్దుకుని కూర్చోవాలి, అంత నిండు మనిషి. తవిటయ్య నోట్లో తాంబూలం ఉంది. ఉమ్మేద్దామని కమ్మీ మీద బొజ్జ ఆనించి వంగాడు.

టప్‌మని చప్పుడు. గుంజ పీటని వదల్లేదు. పీట చెక్కని వదల్లేదు. కానీ చెక్కే లేచింది! కుండ మీద మూత లేచినట్టు నేల చెక్క పైకి లేచి నిలబడింది. తవిటయ్య వెనక్కి చతికిలబడి తాంబూలం మింగేశాడు.

"బావా, నన్ను గోదాట్లో కలిపేద్దామనా?" అన్నాడు తవిటయ్య, ఎక్కిళ్ళ మధ్య.

"నువ్వు పడితే గోదారికే వరదొస్తుంది, ఊరుకో," అన్నాడు గవర్రాజు. అన్నాడే గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మెట్ల కింద నిలబడి చిలకమ్మ అంతా చూసింది. పక్కనున్న రాతి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. ఆ చూపు చూశాక గవర్రాజుకి ఆ పూట అన్నం దిగలేదు.

అటు ఎగువ నుంచి కబురొచ్చింది. కొండల్లో కుండపోత, గోదారి రంగు మారిందని.

గవర్రాజు మేడ కింది వసారాలోకి వచ్చి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. అలిగిన మనిషి ఇంకేం చేస్తాడు? పక్కనే అచ్చియ్యమ్మ మిరపకాయల తొడాలు తీస్తోంది. వాళ్ళ పసివాడి చీర ఉయ్యాల పైనుంచి వేలాడుతోంది. చిలకమ్మ ఆ ఉయ్యాల ఊపుతూ ఊపుతూ, తనూ దాన్ని పట్టుకుని వేలాడసాగింది.

"ఒసే, దిగవే! చెక్క ఊడి పిల్లాడి మీద పడుతుంది!" అని అరిచాడు గవర్రాజు.

అచ్చియ్యమ్మ తలెత్తకుండానే అంది. "చెక్కకి కడతానా మావా, నాకు మతిపోయిందా? దూలానికి కట్టాను. చెక్క మనం నడవడానికి. దూలం మనల్ని మొయ్యడానికి."

గవర్రాజు పైకి చూశాడు. అన్నాళ్ళూ ఆ మేడ నేలని పైనుంచే చూశాడు. కింద నుంచి చూడటం అదే మొదలు.

అబ్బ! ఏం చెప్పను బంగారం! ఆ చెక్క నేల కింద ఇంకో లోకం ఉంది. ఏనుగు దంతాల్లాంటి నల్లటి దూలాలు ఇంటి లోపలి నుంచి బయలుదేరి, బారులు తీరి, గోదారి వైపు చేతులు చాపినట్టు ముందుకొచ్చాయి. ఆ చేతులన్నిటి చివరా ఒక పొడవాటి అంచుదూలం, ఈ మూల నుంచి ఆ మూల దాకా. దాని మీద ఏనాటివో గొడ్డలి గాట్లు చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. ఎన్ని వరదలు చూశాయో, ఎంతమందిని మోశాయో! ఒక్కటి కూడా వంగలేదు. పైన ఇంత గోల జరిగినా తమకేమీ పట్టనట్టు ఉన్నాయి.

"అత్తా, ఈ మానులు ఎక్కడివి?" అని అడిగాడు. అతని గొంతు అతనికే చిన్నగా వినబడింది.

"గోదారమ్మ ఇచ్చింది రా," అంది అప్పుడే మెట్లు దిగి వస్తున్న వరాలమ్మగారు. "ఒక పెద్ద వరదలో అడివి నుంచి టేకుమాను కొట్టుకొచ్చిందట. మా మావగారు పడవలేసుకుని వెళ్ళి, తాళ్ళేసి పట్టుకొచ్చారు. ఆ ఒక్క మానే ఈ దూలాలన్నీ."

గవర్రాజు లేచి కూర్చున్నాడు. లోతు లేదు లేదని ఇన్నాళ్ళూ ఏడ్చాడు. లోతు అక్కడే ఉంది, నేల కింద. గుంజ నేల మీద నిలబడకూడదు. నేలని దాటుకుని కిందకి దిగి, దూలాన్ని పట్టుకోవాలి. పిల్ల వాళ్ళమ్మ నడుము పట్టుకున్నట్టు!

ఆ తర్వాత చూడాలి గవర్రాజు పని. మాట లేదు, మీసం దువ్వడం లేదు. మళ్ళీ కొత్త గుంజలు, ఈసారి పొడుగ్గా కోశాడు. ఒక్కో గుంజ కింది భాగంలో మెట్టులా ఒక గాడి తీశాడు. దాంతో గుంజ అంచు చెక్క మీద కాస్త కూర్చుని, మిగిలిన కాలు బయట నుంచి కిందకి దిగి, అంచుదూలానికి ఒళ్ళంతా ఆనించి నిలబడింది. మధ్యలో గాలి కూడా దూరనంత దగ్గరగా.

అప్పుడు బర్మా పెట్టి గుంజలోంచి దూలంలోకి, దూలం అవతలకి బెజ్జం వేశాడు. ఒక్కో గుంజకి పైనొకటి, కిందొకటి. ఒకటే అయితే గుంజ దాని చుట్టూ గానుగలా తిరుగుతుంది. రెండుంటే పైది లాగి పట్టుకుంటుంది, కిందది తిరగనివ్వదు. ఆ బెజ్జాల్లోంచి లావుపాటి బోల్టులు దింపి, వెనక ఇనప బిళ్ళలేసి, నట్లు బిగించాడు.

ఆ తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇంతమంది ఆనుకుంటే అంచుదూలమే మెలి తిరిగితేనో? అందుకని గుంజ ఉన్న ప్రతిచోటా వెనకాల, దూలానికీ దూలానికీ నడుమ బిగుతుగా చెక్క దిమ్మలు కొట్టి, వాటినీ కట్టుదిట్టం చేశాడు. ఇప్పుడు ఒక గుంజని లాగితే అంచుదూలం రావాలి, అంచుదూలం రావాలంటే దిమ్మలు రావాలి, దిమ్మలు రావాలంటే మేడే రావాలి.

గవర్రాజు పైకెళ్ళి, కమ్మీ పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపాడు. కటకటాలు కదల్లేదు. మేడ మొత్తం ఒకే గొంతుతో "ఊఁ" అంది, అంతే. గవర్రాజు రెండు చేతులూ ఎత్తి దూలాలకి దణ్ణం పెట్టాడు.

అప్పుడు వరద వచ్చింది.

వరదంటే ఎలా వచ్చిందనుకున్నావు! పొద్దున్నే లేచి చూసేసరికి ఇసక లేదు. కాసేపటికి అరటితోటలు లేవు. ఆకుల కొసలు మాత్రం నీళ్ళలో చేతులూపుతున్నాయి. ఎర్రటి నీళ్ళు, బెల్లంపాకంలా చిక్కటి నీళ్ళు, ఆకాశం అంచు నుంచి ఆకాశం అంచు దాకా. వేళ్ళతో సహా చెట్లు వస్తున్నాయి. గడ్డివాములు వస్తున్నాయి. ఒక గడ్డివాము మీద కోడిపుంజు నిలబడి, ఊరేగింపులో రాజుగారిలా తలెగరేసుకుంటూ వెళ్ళింది. గోదారి మోగుతోంది. ఆ మోతకి పెద్దవాళ్ళు కూడా మాటలు ఆపేశారు.

ఊరంతా మేడెక్కింది. చిలకమ్మ మాత్రం ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

"రావే తల్లీ," అంది అచ్చియ్యమ్మ.

చిలకమ్మ చెయ్యి చాచి, మెట్ల పక్కనే ఉన్న మొదటి గుంజని ముందు ఒక వేలితో నెట్టింది. కదల్లేదు. రెండు చేతులతో నెట్టింది. కదల్లేదు. అప్పుడు వెనక్కి తిరిగి, వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, మొహం ఎర్రబడేలా నెట్టింది. గుంజ కొండలా నిలబడింది. చిలకమ్మ కమ్మీ పట్టుకుంది. అడుగులో అడుగేస్తూ వసారా మధ్య దాకా వచ్చింది. గోదారిని చూసింది. కళ్ళు ఇంతింత చేసుకుని, "అమ్మో, ఎంతుందే!" అంది.

అప్పుడు శంఖం ఊదారు. ఆడవాళ్ళందరూ పళ్ళేలతో అంచుకి వచ్చారు. ముసలీ ముతకా, బాలింతలూ, పిల్లలూ, వాళ్ళ వెనక తోసుకుంటూ మగవాళ్ళూ. తవిటయ్య బొజ్జ కూడా మధ్యలో ఎక్కడో ఉంది. అందరూ ఒకేసారి కమ్మీ మీదకి వంగారు. ఊరు ఊరంతా వంగింది.

మేడ "ఊఁ" అంది.

పసుపు జారింది, కుంకుమ జారింది, పూలు జారాయి. ఎర్రటి నీళ్ళ మీద పసుప్పచ్చటి దారి ఒకటి పరుచుకుని, వంపు తిరిగి, సముద్రం వైపు సాగిపోయింది. ఆ దారి కనుమరుగయ్యేదాకా ఎవరూ కమ్మీ వదల్లేదు. ఒక్క గుంజ కూడా గడ్డిపోచంత కదల్లేదు.

అప్పుడు వరాలమ్మగారు కళ్ళు తుడుచుకుని, "గవర్రాజు ఏడిరా? బొట్టు పెడతాను," అంది.

గవర్రాజు లేడు. ఈ గదిలో లేడు, ఆ గదిలో లేడు, మేకల దగ్గరా లేడు. అచ్చియ్యమ్మ వసారా ఆ చివరి దాకా పరిగెత్తి, "మావా!" అని కేకేసింది. జవాబు లేదు.

చివరికి తవిటయ్య మెట్ల వైపు వంగి చూశాడు. గవర్రాజు మెట్ల మధ్యలో, వరద నీళ్ళకి కాస్త పైన, నేల కింద దూరి ఉన్నాడు. మెట్ల పక్కనున్న మొదటి గుంజ కాలినీ అంచుదూలాన్నీ కలిపి రెండు చేతులా వాటేసుకుని, చెంప ఆనించి కూర్చున్నాడు.

"చూశారా!" అని అరిచాడు తవిటయ్య. "మనమంతా పైన వంగుతుంటే మా బావ కింద ఊరి బరువంతా మోశాడు! మనిషి కాదు, హనుమంతుడు!"

ఊరు ఊరంతా ఆ మాటకి ఔరా అంది. గవర్రాజుని పైకి లాక్కొచ్చారు. వరాలమ్మగారు బొట్టు పెట్టింది. ఎవరో మెళ్ళో బంతిపూల దండ వేశారు. "కటకటాలు కాదు, గవర్రాజే మనల్ని కాచాడు," అన్నారు. గవర్రాజు కళ్ళు నులుముకుంటూ నిలబడ్డాడు. మీసం కొస కొంచెం కొంచెంగా పైకి లేవసాగింది.

అప్పుడు చిలకమ్మ మొహం మారిపోయింది. కమ్మీ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గోడ దాకా వెళ్ళిపోయింది.

"నాన్నా, నువ్వు పట్టుకున్నావు కాబట్టే నిలబడిందా? నువ్వు వదిలేస్తే పడిపోతుందా?"

ఊరంతా గవర్రాజు వైపు తిరిగింది.

గవర్రాజు పూలదండ వంక చూశాడు. ఊరి వంక చూశాడు. గోడకి అతుక్కుపోయిన కూతురి వంక చూశాడు. మీసం కిందకి దిగింది. దండ తీసి కమ్మీ మీద వేశాడు.

"లేదమ్మా," అన్నాడు. "పట్టుకుందామనే దిగాను. మీరంతా నా పనిని నమ్మారు. నాకే నమ్మకం చాల్లేదు. ఊరంతా ఒకేసారి వంగుతారంటే భయమేసి ఆగలేకపోయాను. వెళ్ళి గట్టిగా వాటేసుకున్నాను. కానీ..."

"కానీ ఏంటి మావా?" అంది అచ్చియ్యమ్మ.

గవర్రాజు గొంతు తగ్గించాడు. "నట్లు బిగించీ బిగించీ సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఆ దూలానికి చెంప ఆనించానా, చల్లగా ఉంది. అలా కళ్ళు మూతపడిపోయాయి. శంఖం వినలేదు. మీరు వంగడం చూళ్ళేదు. మీరు పైకి లాగేదాకా లేవలేదు. పట్టుకున్నది బోల్టులూ దూలమూ తల్లీ. నేను పడుకుని గురకపెట్టాను. కావాలంటే వెళ్ళి చూసుకోండి, దూలం మీద నా చొంగ కూడా ఉంది."

కథేమో కంచి దారి పట్టె,
వరదేమో కడలి చేరి ఆగె,
మనమెళ్ళేది మనింటికి,
నిద్దరొచ్చేది నీ కంటికి.